పాత లెన్సులో బయటపడ్డ పచ్చబొట్టు

రిటైర్మెంటుకు మూడేళ్లు మిగిలి ఉండగా, ఆ ఏడు శ్రావణమాసం మొదట్లో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం సబ్ డివిజన్‌కు అటాచ్‌మెంటు మీద పంపారు. అక్కడి ఫోటోగ్రాఫర్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. అతను తిరిగి వచ్చేదాకా అక్కడి పని నేను చూడాలి. నా హోదా ఏఎస్సై. బృందం పేరు క్లూస్ టీమ్. నేరమో, ప్రమాదమో, ఆత్మహత్యో తేలని చోటికి ముందుగా వెళ్లి వేలిముద్రలు, మరకలు, కాలిజాడలు సేకరించడం ఈ బృందం పని. అందులోనూ ఫోటోగ్రాఫర్‌దే మొదటి వంతు. అతను ఫోటోలు తీయడం ముగించేదాకా ఎస్సై అయినా సరే దేన్నీ కదపకూడదు.

డిపార్ట్‌మెంటు మాకు ఇచ్చింది అద్దం ఉన్న పెద్ద డిజిటల్ కెమెరా, దగ్గరి వస్తువులు తీసే మాక్రో లెన్సు, ఫ్లాష్. నూటికి తొంభై పనులకు అవి చాలు. మిగిలిన వాటి కోసం నా సంచీలో సొంత కెమెరా ఒకటి ఉండేది. అరచేతిలో పట్టేంత చిన్నది, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్. ఖమ్మంలో వాడకం తగ్గిన దాన్ని ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర కొన్నాను. దానికి బిగించే లెన్సు మాత్రం కెమెరా కంటే నలభై ఏళ్లు పెద్దది. పోలీసు ఉద్యోగం రాకముందు నేను పనిచేసిన స్టూడియోలో వాడిన యాభై మిల్లీమీటర్ల లెన్సు. నిలువెల్లా ఇత్తడీ అల్యూమినియమూ, ప్లాస్టిక్ మచ్చుకైనా లేదు. సీసా మూతలా మర తిప్పి బిగించాలి. పాత మర కొత్త కెమెరాకు సరిపోదు కాబట్టి రెంటి మధ్య అడాప్టర్ అనే రింగు ఒకటి వస్తుంది.

ఈ జోడీలో ఆటోమేటిక్ అన్న మాటే లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, వెలుతురు ఎంత రావాలో లెన్సు మీది రింగుతో చేత్తో పెట్టుకోవాలి. పాత లెన్సుకు కెమెరాతో మాట్లాడే తీగ ఉండదు. అందుకని ఫోటో ఫైలులో లెన్సు పేరు ఉండాల్సిన చోట ఖాళీ, అపర్చర్, అంటే వెలుతురు రంధ్రం కొలత, ఉండాల్సిన చోట సున్నా పడతాయి. మా వాళ్లు చూసి నవ్వేవారు. సరదాకి పెట్టుకున్న బొమ్మ అనుకునేవారు.

నేను దాన్ని పెట్టుకున్నది ఇన్‌ఫ్రారెడ్ కోసం. మన కంటికి కనిపించే ఎరుపు దాటిన తర్వాత ఉండే వెలుతురు అది. మామూలు కెమెరాలో సెన్సర్ ముందు ఒక పలుచని గాజు ఉండి ఆ వెలుతురును ఆపేస్తుంది. హైదరాబాదులో ఒక రిపేరు పనివాడి చేత ఆ గాజు తీయించాను. లెన్సు ముందు నల్లటి ఫిల్టరు పెడితే మామూలు వెలుతురు ఆగిపోయి ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే లోపలికి వస్తుంది. కొత్త లెన్సుల్లో చాలా వాటికి ఈ పనిలో ఫోటో మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది. నా పాత లెన్సుకు పడదు. అద్దం ఉన్న కెమెరాలో నల్ల ఫిల్టరు పెడితే చూసే కంతలో చీకటి తప్ప ఏమీ ఉండదు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ చూసేదే తెర మీద కనిపిస్తుంది కాబట్టి ఫోకస్ చేసుకోవచ్చు. కాలిన కాగితం మీది రాత, నల్లబట్ట మీది రక్తం, కుళ్లి రంగు మారిన చర్మం కింది పచ్చబొట్టు ఇందులో బయటపడతాయి. చర్మపు నలుపు ఆ వెలుతురుకు పలచబడిపోతుంది. పచ్చబొట్టులో ఉండే మసి మాత్రం నల్లగానే నిలుస్తుంది.

నేను చేరిన రెండో వారంలో గోదావరికి వరద వచ్చి తగ్గింది. నీళ్లు వెనక్కి పోయిన తర్వాత, ఊరికి దిగువన ఒడ్డు మీది తుమ్మపొదల్లో ఆడమనిషి శవం ఉందని గేదెలు కాసేవాళ్లు స్టేషన్‌కు కబురు పెట్టారు.

నీళ్లలో చాలా రోజులున్న శవం. దాని గురించి అవసరమైనంతే చెబుతాను. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఒళ్లంతా ఉబ్బి, చర్మం ముదురాకుపచ్చ దాటి నల్లబడింది. ఒంటి మీద మెరూన్ రంగు జాకెట్టు, లంగా ఉన్నాయి. చీరను నీళ్లు లాక్కుపోయాయి. మెడలో, చెవులకు, కాళ్లకు ఏమీ లేవు. జుట్టు పొడుగు. వయసు ఇరవై, ముప్పై మధ్య ఉండవచ్చని అంచనా. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరి నుంచి, చివరికి పక్కన స్కేలు పెట్టి డిపార్ట్‌మెంటు కెమెరాతోనే ఫోటోలు తీశాను. పంచనామా అయ్యాక శవాన్ని దవాఖానాలోని మార్చురీకి తరలించారు.

ఎస్సై ప్రవీణ్ గారు కొత్తగా వచ్చిన కుర్ర అధికారి, పనిమంతుడు. చుట్టుపక్కల స్టేషన్లలో తప్పిపోయిన ఆడవాళ్ల మీద వచ్చిన ఫిర్యాదులన్నీ సాయంత్రానికే తెప్పించారు. వయసు, ఎత్తు, జుట్టు కలిసినది ఒకటే. పినపాక దగ్గరి ఊరికి చెందిన శాంతి, ఇరవై ఆరేళ్లు, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అంతకు రెండు వారాల ముందు డ్యూటీకని బయలుదేరిన మనిషి ఆసుపత్రికి చేరలేదు. ఆమె చేతిసంచీ మరునాడు గోదావరి రేవు మెట్ల మీద దొరికింది. ఆ రేవు భద్రాచలానికి ఎగువన ఉంటుంది. నది ఆ మనిషిని ఇక్కడికి తెచ్చి పడేసిందనుకోవడంలో అసహజమేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి దానియేలు ట్రాక్టర్ మెకానిక్, యాభై ఐదేళ్లుంటాయి. తల్లి సువార్తమ్మ. చర్చిలో పాటలు పాడే గొంతని వాళ్ల వెంట వచ్చిన పాస్టర్ గారు తర్వాత చెప్పారు. ఆమెను లోపలికి తీసుకుపోవద్దని దానియేలు బతిమాలితే ఎస్సై గారు ఒప్పుకున్నారు. దానియేలు ఒక్కడే లోపలికి వెళ్లి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, తల వైపు నిలబడి జుట్టు చూశాడు. జాకెట్టు చూశాడు. బయటికి వచ్చి, "అవ్ సార్. మా బిడ్డనే," అన్నాడు.

రాతపని మొదలైంది. పోస్టుమార్టం అయిపోగానే శవాన్ని అప్పగిస్తామని చెప్పడంతో పినపాకలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. పాస్టర్ గారు ఫోన్ చేసి పెట్టె తెప్పించారు. తెల్లటి రంగు వేసిన పెట్టె, మూత మీద నల్లటి సిలువ. ట్రాలీ ఆటోలో తెచ్చి దవాఖానా వెనుక వేపచెట్టు కింద ఆపారు. సువార్తమ్మ ఆ ఆటో పక్కనే నేల మీద కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసి ఉంది.

పోస్టుమార్టం చేసింది డాక్టర్ సుజాత గారు. నీళ్లలో మునిగి చనిపోయిన లక్షణాలే తప్ప గాయాలేమీ లేవన్నారు. అంతా రాయించి, చేతి గ్లవ్స్ తీయబోతూ ఆగి నన్ను పిలిచారు. "నర్సయ్యగారూ, ఈ ఎడమ ముంజేతి మీద చూడండి. నలుపులో నలుపుగా ఏదో గీతల్లాగా ఉంది. మీ కంటికి ఆనుతుందా?"

వంగి చూశాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. డిపార్ట్‌మెంటు కెమెరాతో తీస్తే నల్లటి చర్మం తప్ప ఏమీ రాలేదు. ఫ్లాష్ పక్కనుంచి కొట్టినా అంతే.

నా సంచీ తెప్పించాను. ఒక చిక్కు వచ్చింది. మార్చురీలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ దీపాలు. వాటిలో ఇన్‌ఫ్రారెడ్ ఉండదు. ఎన్ని వెలిగించినా నల్ల ఫిల్టరుకు చీకటే. పాతకాలపు హాలోజన్ బల్బు కావాలి. హోంగార్డును పంపిస్తే శామియానాలు కిరాయికిచ్చే దుకాణం నుంచి పెళ్లిపందిట్లో పెట్టే ఫోకస్ లైటు ఒకటి తెచ్చాడు. దాన్ని ఏటవాలుగా నిలబెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి, చేతి పక్కన స్కేలు ఉంచి, లెన్సు మీది వెలుతురు రింగును ఎనిమిది అంకె దగ్గర పెట్టాను. నల్ల ఫిల్టరు బిగించి తెర వైపు చూశాను.

ముంజెయ్యి తెల్లగా, పాలిపోయిన మైనంలా కనిపించింది. దాని మీద చుక్కలున్నాయి. మోచేతి కింది నుంచి మణికట్టు దాకా వరుసలు వరుసలుగా చుక్కలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలాంటి అడ్డగీతలు. ఫోకస్ రింగు కొద్దిగా తిప్పితే తెర మీద అంచులకు ఎర్రగీతలు పడ్డాయి. ఫోకస్ కుదిరిందని కెమెరా ఇచ్చే గుర్తు అది. తీశాను. చివరి వరుస సగం దాకా వచ్చి ఆగిపోయింది. వెలుతురు అందలేదేమోనని లైటు అటూ ఇటూ మార్చి మళ్లీ మళ్లీ తీశాను. ప్రతిసారీ అక్కడే ఆగింది. అంటే ఆ చేతి మీద ఉన్నదే అంత.

డాక్టరు గారు తెర వైపు చాలాసేపు చూశారు. "ఇది అడవి ఊళ్ల పచ్చబొట్టు. మా ఓపీకి వచ్చే ముసలమ్మల చేతుల మీద చూస్తుంటాను," అన్నారు. తర్వాత కిటికీలోంచి వేపచెట్టు వైపు చూశారు.

ఎస్సై గారికి చూపించాను. మొదట ఆయన నా కెమెరాను ప్రశ్నించారు, అది న్యాయమే. "ఇది డిపార్ట్‌మెంటు సామాను కాదు కదా. రేపు కోర్టులో ఈ ఫైలులో లెన్సే లేదంటే ఏం చెబుతాం?" వాడిన లెన్సు, ఫిల్టరు, వెలుతురు అన్నీ రిపోర్టులో రాసి సంతకం పెడతానని, డాక్టరు గారు సాక్షి అని చెప్పాను. ఆయన, "ముందు ఆ అమ్మాయికి పచ్చబొట్టు ఉందేమో తండ్రిని అడుగుదాం. ఫోటో సంగతి చెప్పకుండా అడగండి. పెద్దవారు, మీరైతే బాగుంటుంది," అన్నారు.

దానియేలును మార్చురీ వెనుక వరండాలోకి పిలిచాను. "మీ అమ్మాయి ఒంటి మీద పుట్టుమచ్చలు, పచ్చబొట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

అతను నా ముఖం వైపు చూసి, ప్రశ్న వెనుక ఏదో ఉందని గ్రహించాడు. "ఉన్నదేమో సార్. నర్సింగ్ చదివేటప్పుడు దోస్తులతోని ఏపిచ్చుకున్నదేమో."

"ఎక్కడ?"

"చేతి మీద."

"ఏ చేయి?"

అతను పిట్టగోడను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు ఏం జూసినవో నాకు చెప్పు సార్," అన్నాడు. ఎస్సై గారు చెప్పొద్దన్నది గుర్తుంది. కానీ అతనికి అప్పటికే తెలిసిపోయింది. కెమెరా తెర చూపించాను.

అతను ఏడవలేదు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "నాకు పొద్దుగాల్నే అనుమానమున్నది సార్. మొఖం లేదు. జుట్టొక్కటి జూసిన. జుట్టు అందరికి ఉంటది. కాదంటె ఏమయితది? మళ్ల ఇంకో మార్చురీ. మణుగూరుల జూసినం, ఖమ్మంల జూసినం, వరంగల్ గూడ పోయొచ్చినం. పోయిన ప్రతిసారి ఆమె బయట కూసొని వణుకుతది. నేను బయటికొచ్చి కాదని చెప్పంగనే ఇంత అన్నం తింటది. మళ్ల ఇంకో ఫోన్ వస్తది. ఇంక ఆమెతోని కాదు సార్. అందుకే అవునన్న."

నేను కెమెరా తెర ఆపేశాను.

"ఈమె కూడ ఎవ్వలో ఆడబిడ్డనే గద," అన్నాడు మళ్లీ. "మేము మంచిగనే మట్టి చేస్తం. ప్రార్థన చేపిస్తం. మీరు ఆ ఫోటో తియ్యకపోతె ఇయ్యాల్టితోని అయిపోయేది. తీసేయరాదు సార్ అది?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఫోటో తీసేయమని నన్ను చాలామంది అడిగారు. డబ్బున్నవాళ్లు అడిగారు, పలుకుబడి ఉన్నవాళ్లు అడిగారు. వాళ్లకు కాదని చెప్పడం కష్టమనిపించలేదు. ఈ మనిషికి చెప్పడం కష్టమైంది. ఆ చుక్కల చెయ్యి కోసం కూడా ఎక్కడో ఎవరో చూస్తూ ఉంటారని చెప్పాను. "అదెట్ల తెలుసు నీకు? ఆమె కోసం ఎవ్వలు రాలేదు గదా," అన్నాడు. ఆ మాటా నిజమే. ఆ వయసుకూ ఎత్తుకూ సరిపోయే ఫిర్యాదు ఇంకెక్కడా లేదు.

ఎస్సై గారి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తండ్రికి మొదటినుంచీ అనుమానం ఉందన్న మాటతో సహా. అప్పగింత ఆపారు.

సువార్తమ్మకు చెప్పే పని పాస్టర్ గారు తీసుకున్నారు. కానీ ఆయన నోరు తెరిచేలోపే, కాగితాలు పట్టుకుని వెళ్లిన కానిస్టేబులు పచ్చబొట్టు అన్న మాట అనేశాడు. ఆమె లేచి నిలబడింది.

"పచ్చబొట్టేంది? మా ఇంట్ల ఎవ్వలకు లేదు పచ్చబొట్టు," అంది. భర్త వైపు తిరిగింది. "నువ్వు జూసినవు గద?"

దానియేలు తల దించుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. జూసినవా, లేదా?"

"జుట్టు జూసిన," అన్నాడు.

ఆమె అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. పెట్టె మీద ఉన్న చేతిని వెనక్కి తీసుకుంది. "అయితే నా బిడ్డ ఏది?" అని అడిగింది. మొదట భర్తను అడిగింది, తర్వాత పాస్టర్ గారిని, తర్వాత నన్ను, ఎస్సై గారిని. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, ముఖంలోకి చూసి, అదే గొంతుతో అడిగింది. అక్కడ యూనిఫాంలో ఉన్న ఏడుగురిలో ఎవరినీ వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటో ఖాళీ పెట్టెతో వెనక్కి వెళ్లింది. వాన మొదలైంది. పెట్టె తడవకుండా డ్రైవరు దాని మీద ఎరువుల పట్టా కప్పాడు. తవ్విన గొయ్యిని ఆ రాత్రే పూడ్చేశారని తర్వాత విన్నాను.

నేను ఆ ముంజేతి ఫోటోను పెద్దసైజులో ప్రింట్లు వేసి ఇచ్చాను. ముఖం లేని, చేయి ఒక్కటే ఉన్న ఫోటో. ఎస్సై గారు వాటిని చర్ల, దుమ్ముగూడెం వైపు స్టేషన్లకు, ఫారెస్టు చెక్‌పోస్టులకు, సంతలకు పంపించారు. పచ్చబొట్టు అడవి ఊళ్లదైతే దాన్ని చదవగలిగేది ఆ ఊళ్లే.

వారం తిరగకముందే రాష్ట్ర సరిహద్దు దగ్గరి ఒక గూడెం నుంచి జోగమ్మ అనే ఆవిడ వచ్చింది. కోయ మనిషి. నాట్లకూ మిరపకోతలకూ దిగువ ఊళ్లకు వచ్చే అలవాటు ఉండటంతో తెలుగు వచ్చు. ఆమె కూతురు దేవె నాట్ల ముఠాతో కిందికి వచ్చింది. వాగు పొంగిన రోజు ముఠా రెండుగా చీలిపోయింది. ఒడ్డున ఆగినవాళ్లు, దేవె దాటి ముందున్న గుంపుతో వెళ్లిపోయిందనుకున్నారు. ముందున్న గుంపు, ఆమె ఒడ్డునే ఆగిందనుకుంది. ఇంట్లో తల్లి, కూతురు ఇంకా పొలాల్లో నాట్లు వేస్తూనే ఉందనుకుంది. ఎవరూ ఫిర్యాదు ఇవ్వకపోవడానికి కారణం అదే. తప్పిపోయిందని ఎవరికీ తెలియదు. సంతలో ఉప్పు కొనుక్కుంటూ, చెక్కస్తంభానికి అంటించిన నా ప్రింటు చూసింది జోగమ్మ.

స్టేషన్‌లో బల్ల మీద ప్రింటు పెట్టాం. ఆమె మోచేతి దాకా కొంగు తీసి తన ఎడమ చేతిని దాని పక్కన ఆనించింది. అవే చుక్కలు, అవే నిచ్చెన మెట్లు. వయసుతో రంగు వెలసి నీలమయ్యాయి. వరుసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ జరుపుకుంటూ వచ్చి, ప్రింటులో చివరి వరుస దగ్గర ఆగింది.

"ఇది పొడిచింది నా అక్క," అంది. "అప్పుడు ఇది చిన్నపిల్ల, ఏడ్చింది. ఇక్కడిదాకా పొడిచినాక చెయ్యి గుంజుకొని ఉరికింది. తర్వాత పొడిపిద్దామన్న, రాలే. ఇది దేవె."

ఎస్సై గారు అలాంటి పచ్చబొట్టు ఆ గూడెంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. అడగడం ఆయన విధి. "అందరికి ఉంటది. సగం ఉన్నది దీనికే," అంది.

దానియేలు ముందు అవునని సంతకం పెట్టి ఉన్నందువల్ల, ఆ తండ్రి రక్తమూ ఈ తల్లి రక్తమూ రెండూ డీఎన్‌ఏ పరీక్షకు పంపారు. నెలల తర్వాత వచ్చిన రిపోర్టు జోగమ్మ మాటనే చెప్పింది. నా ఫోటోను దానికి జతపరిచారు. లెన్సు గురించి ఎవరూ ప్రశ్న వేయలేదు. నీటిలో మునిగి ప్రమాదవశాత్తూ మరణం అని ఫైలు మూసేశారు.

శవాన్ని అప్పగించిన రోజు జోగమ్మ వెంట ఆరుగురు మగవాళ్లు వచ్చారు. ఫోటో కావాలా అని ఎస్సై గారు దయతోనే అడిగారు. దేవె బతికుండగా తీసిన ఫోటో వాళ్ల దగ్గర ఒక్కటీ లేదు. జోగమ్మ వద్దంది. "చచ్చినంక తీసింది ఇంట్ల పెట్టుకోం," అంది. ఇన్ని రోజులు బిడ్డ ఎక్కడుందని అడిగితే, మార్చురీలోని చల్లటి పెట్టెలో ఉందని చెప్పాను. దాని దగ్గర ఎవరైనా ఏడ్చారా అని అడిగింది. ఒక తల్లి తన బిడ్డే అనుకుని బయట కూర్చుందని చెప్పాను. ఆమె బిడ్డ దొరికిందా అంది. లేదన్నాను. జోగమ్మ వెళ్లి జీపు ఎక్కింది. చెక్‌పోస్టు దాటాక రోడ్డు లేదు. అక్కడి నుంచి మంచం మీద మోసుకుపోయారు.

శాంతి ఫైలు మాత్రం మూయలేదు. మూయడానికి ఏమీ దొరకలేదు. సంచీలో ఫోన్ లేదు. ఆసుపత్రిలో తోటివాళ్లను, అద్దెగదిలోని స్నేహితురాళ్లను అడిగారు. ఎవరికీ ఏమీ తెలియదు. నదిలో పడిందో, రేవులో సంచీ వదిలి బస్సెక్కిందో ఈనాటికీ నాకు తెలియదు. సర్వీసులో మిగిలిన కాలమంతా, ఆ వయసు ఆడమనిషి శవం ఎక్కడ దొరికినా దానియేలుకు ఫోన్ వెళ్లేది. అతను వచ్చేవాడు. సువార్తమ్మ కూడా వచ్చేది. ఆ రోజు తర్వాత ఆమె బయట కూర్చోలేదు. ప్రతిసారీ తనే లోపలికి వచ్చేది. భర్తను వెనక్కి ఉండమని, తల నుంచి కాళ్ల దాకా తను చూసేది. చూసి, "కాదు," అనేది. ఒక్కసారి మాత్రం బయటికి వెళ్తూ నా దగ్గర ఆగింది.

"ఆ రోజు నువ్వు ఆ ఫోటో తియ్యకుంటె నా మొగడు నన్ను పండుకోనిచ్చేటోడు సారూ," అంది. "తీసినవు. మంచిదే. నేను ఇంకొకల్ల బిడ్డకు మట్టేసి, నా బిడ్డను ఎతకకుండ కూసునేదాన్ని. కాని నీకు ఒక్క మాట చెప్త. నిజం చెప్పినోళ్లు ఇండ్లకు పోతరు. మేము గిట్లనే తిరుగుతం."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను ఆ సాయంత్రం ఇంటికే వెళ్లాను. రిటైరయ్యాక నా పనిలోకి వచ్చిన కుర్రవాడికి ఆ ఇద్దరి ఫోన్ నంబరు ఇచ్చి, శవం దొరికిన ప్రతిసారీ పిలవాలని, పిలిచినప్పుడు నిలబడి మాట్లాడాలని చెప్పాను. పిలుస్తున్నాడని విన్నాను.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్లకు ఆ సంఘటన నేర్పింది చెబుతాను. బట్టలను బట్టి, జుట్టును బట్టి, బంధువుల మాటను బట్టి శవం ఎవరిదో తేల్చకూడదు. అలసిపోయిన మనిషి చనిపోయినవాళ్లలో తనవాళ్లను చూడగలడు, చూడాలని కూడా అనుకోగలడు. గుర్తు తెలియని శవం వస్తే మొదట హాలోజన్ దీపం, నల్ల ఫిల్టరు. రెండు ముంజేతులు, రెండు పిక్కలు, ఛాతీ, నుదురు. అవన్నీ అయ్యాకే కుటుంబాన్ని పిలవాలి. ఈ క్రమం నేను ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు, నా తర్వాతివాళ్లకూ ఇదే నేర్పాను. ఫోటో ఒక శవం ఎవరిదో చెబుతుంది. దొరకని మనిషి ఎక్కడుందో చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు ఏ లెన్సూ లేదు. ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పడం కూడా ఫోటోగ్రాఫర్ పనిలో భాగమే.